పటము, పేరు, ప్రాణి: బాలల భూగోళక్రీడలలో తెలుగు పదము

1. ప్రస్తావన

బాలురకు భూగోళజ్ఞానమును, క్షీణించుచున్న వన్యప్రాణుల పరిచయమును ఒక్కమారుగా కలిగింపదలచి రచింపబడిన కంప్యూటరు క్రీడలు నేడు పాఠశాలలందును ఇండ్లయందును వ్యాప్తిలో నున్నవి. తెరపై ఒక దేశపటము కనబడును. బాలుడు దానిపై ఒకచోటును తాకును. అచట నివసించు జంతువు బొమ్మ వెలువడును. దాని పేరు, ఆహారము, నివాసము తెలుపబడును. పిదప ప్రశ్న వచ్చును. సరియైన సమాధానమునకు మార్కులు లభించును. వివరములలో భేదములున్నను స్థూలముగా క్రీడాస్వరూపమిది.

ఇట్టి క్రీడలను గూర్చి విద్యాశాస్త్రజ్ఞులును సాంకేతికనిపుణులును విచారించుచున్నారు. భాషావేత్తలు వీనివంక చూచుట అరుదు. కాని పటమునకును ప్రాణికిని నడుమ సంధికూర్చునది పేరు. పేరు తప్పినచో పటమును తప్పును, ప్రాణియు తప్పును. కావున ఈ క్రీడల మంచిచెడ్డలలో సగము భాషాశాఖల బాధ్యతయే. ఈ విషయమును హైదరాబాదు నగరపు తూర్పుభాగమగు దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతమును ఉదాహరణముగా గైకొని నిరూపించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. ఆ ప్రాంతమునే యెన్నుకొనుటకు కారణము కలదు. నగరములోని బాలుడు ఒక వన్యమృగమును దాని తావున చూడదగిన చోటు అచటికి మిక్కిలి చేరువలో నున్నది.

2. పటము అను మాట

సంస్కృతమున పటమనగా వస్త్రము. తెలుగున ఈ మాట విరివిగా అర్థవిస్తారమును పొందినది. గోడకు వ్రేలాడునది చిత్రపటము. దేశముల ఎల్లలను చూపునది దేశపటము. గవ్వలు వేసి ఆడునది పరమపదసోపానపటము. ఆకసమున నెగురునది గాలిపటము. తెలంగాణమున చేర్యాల నకాశీ చిత్రకారులు వ్రాసిన పొడవైన పటములను విప్పుచు కులపురాణములను గానము చేయు కళాకారులు కలరు. అచట పటము బొమ్మయు, కథయు, పాఠమును కూడ.

బొమ్మ, దేశము, ఆట, కథ అను నాలుగింటిని ఒక్కమాట క్రింద చేర్చిన భాష మనది. కంప్యూటరు తెర ఈ నాలుగింటిని నేడు ఒక్కచోట చేర్చినది. కనుక ఇట్టి క్రీడ తెలుగువారికి మూలమున క్రొత్తది కాదు. సాధనము క్రొత్తది, సంప్రదాయము ప్రాతది. ఈ సంగతి గుర్తించినచో విదేశీయ క్రీడలను మక్కికి మక్కి అనువదించుటకు మారుగా మన పటముల ననుసరించి క్రొత్త క్రీడలను రచించుటకు వీలగును.

3. నియమము చేయు బోధ

ఆట రెండు విధముల బోధించును. ఒకటి అందులోని మాటలచేత. రెండవది దాని నియమములచేత. రెండవ బోధయే బలవత్తరము. వైకుంఠపాళిలో పాము పాపమునకు గుర్తు, నిచ్చెన పుణ్యమునకు గుర్తు. ఆడువానికి స్వాతంత్ర్యము లేదు. గవ్వలు ఎట్లు పడిన నట్లు నడువవలసినదే. పాము కనబడినచోట పతనము తప్పదని అది బాలుని మనసున నాటును. నీతిబోధకు ఈ సంకేతము చెల్లినది. పామును ప్రకృతిలో ఒక భాగముగా చూపవలసిన క్రీడకు ఇది చెల్లదు.

పులిజూదము వేరు తీరుది. మూడు పులులు, పదునైదు మేకలు, ఇరువదిమూడు స్థానములు. పులి మేకను దాటి చంపును. మేకలు కూడి పులిని కదలనీయకుండ బంధించును. ఇరువైపుల వారికిని ఆలోచన కలదు, గెలుపు కలదు. ఒక్కడే బాలుడు ఒకమారు పులిపక్షమునను మరియొకమారు మేకలపక్షమునను ఆడగలడు. బలవంతునికిని తావు లేనిచో బ్రతుకు లేదను సత్యమును ఈ ఆట ఒక్కమాటయు పలుకకుండ తెలుపుచున్నది. వన్యప్రాణులను గూర్చిన నేటి క్రీడకు ఇంతకంటె తగిన మాతృక మనకు లేదు.

విదేశములందును మేలైన క్రీడలు నియమములచేతనే బోధించినవి. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 1971లో డాన్ రావిట్ష్, బిల్ హైన్‌మన్, పాల్ డిలెన్‌బర్గర్ అను ముగ్గురు చరిత్రపాఠము కొరకు ‘ఆరెగాన్ ట్రయిల్’ అను క్రీడను రచించిరి. నాడు దానికి తెర లేదు. ప్రశ్నలు, ఫలితములు కాగితముపై అచ్చుపడెడివి. 1985 నాటి రూపమున బాటసారి ఎన్ని మృగములను వేటాడినను బండికి మోసికొనిపోగలిగిన మాంసము నూరు పౌండ్లకు మించదు. వృథావధ తగదని అందు ఎవరును ఉపన్యసింపరు. మోయలేని మాంసము అడవిలోనే మిగిలిపోవును. బాలుడు తానే గ్రహించును. 1985లోనే వెలువడిన ‘వేర్ ఇన్ ది వరల్డ్ ఈజ్ కార్మెన్ సాన్‌డియెగో’ దొంగను పట్టుకొను నెపమున దేశములను, రాజధానులను, నాణెములను పరిచయము చేసినది. ఆ క్రీడతోపాటు పెట్టెలో ఒక వార్షికవిజ్ఞానగ్రంథమును కూర్చి అమ్మిరి. క్రీడ బాలుని పుస్తకమునకు దూరము చేయక దానికడకే పంపినది.

ఫ్రెంచివాడగు బ్రూనో కుదువాన్ 2000లో ప్రారంభించిన ‘జీకొంప్రి’ అను క్రీడాసంపుటి స్వేచ్ఛాసాఫ్టువేరు. దాని పేరు ఫ్రెంచిభాషలో ‘నాకు బోధపడినది’ అను వాక్యమును ధ్వనింపజేయును. దేశఖండములను పటమున వానివాని చోట్ల అమర్చు ఆట అందు కలదు. హైదరాబాదున తెలుగులో స్వేచ్ఛాసాఫ్టువేరు వ్యాప్తికై పాటుపడుచున్న ‘స్వేచ్ఛ’ సంస్థ, బడిపిల్లలకై ‘బాలస్వేచ్ఛ’ అను సంకలనమును ‘షుగర్’ అను బాలోపయోగివేదికపై కూర్చినది. ఇట్టి ప్రయత్నములవలన ద్వారము తెరువబడినది. లోపల పెట్టవలసిన మాట యేది అను ప్రశ్న మిగిలియున్నది.

4. ప్రదేశము: ఊరిపేర్లలోని భూగోళము

భూగోళపాఠము తన వీధినుండి ఆరంభమై లోకమునకు పోవలెననుట ఉపాధ్యాయులెల్లరు ఎరిగినదే. అయినను క్రీడలు తరచు ఆఫ్రికా గడ్డిభూములతో ఆరంభించి అచటనే ముగియును. కొత్తపేటలో చదువుకొను బాలునికి జిరాఫీ తెలియును. తన యింటికి చేరువ గడ్డిలో మేయు మృగము తెలియదు.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు ప్రారంభమైనది. దిల్‌సుఖ్‌నగర్ దాటిన పిదప చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి. నగర్ అను స్టేషనులు వరుసగా వచ్చును. ఈ నాలుగు పేర్లును నాలుగు కాలముల కథలు. దిల్‌సుఖ్ అను వ్యక్తినామమునుండి దిల్‌సుఖ్‌నగర్ ఏర్పడినదని చెప్పుదురు. విక్టోరియా మెమోరియల్ అనునది నిజాముల నాడు వెలసిన అనాథశరణాలయమును తెలుపును. ఎల్.బి. నగర్ లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసిన లాల్ బహదూర్ నగరమునకు సంక్షేపము. చైతన్యపురి ఆధునికుల సంస్కృతాభిరుచికి ఉదాహరణము.

వీని నడుమ మరియొక తరగతి పేర్లు కలవు. అవి నేలను చెప్పును. చింతలకుంట అనగా చింతచెట్లు గల కుంట. కుంట చెరువుకంటె చిన్నది. లింగోజిగూడ, బైరామల్‌గూడ అనువానిలోని ‘గూడ’ చిన్న నివాసమును తెలుపును. సరూర్‌నగర్ నేడు జనసమ్మర్దమగు పేట. దాని చెరువు మాత్రము పూర్వపు వ్యవసాయభూగోళమునకు సాక్షిగా మిగిలినది. కొత్తపేటకడ నుండిన గడ్డిఅన్నారము పండ్లసంత 2021లో బాటసింగారమునకు తరలినది. జనులు కొంతకాలము ఆ చోటును సంతపేరనే పిలుచుచుందురు. వస్తువు పోయినను పేరు నిలుచుట, పేరు నిలిచినను అర్థము మరుగుపడుట భూగోళవిద్యలో మొదటి పాఠములు. వీనికి జిరాఫీ అక్కరలేదు.

ఎల్.బి. నగర్ కూడలి దాటి విజయవాడ రహదారిని పోయినచో వనస్థలిపురము వచ్చును. అచట మహావీర హరిణవనస్థలి కలదు. మహావీరుని నిర్వాణము జరిగి 2500 సంవత్సరములైన సందర్భమున, 1975లో, దానికి ఆ పేరు పెట్టబడినది. 1994లో అది జాతీయవనముగా ప్రకటింపబడినది. దాని వైశాల్యము 14.59 చదరపు కిలోమీటర్లు. నిజాము కాలమున ఆ నేల వేటకు విడిచినదని ప్రసిద్ధి. కృష్ణజింకలు అచటి ముఖ్యప్రాణులు; దుప్పులు, నెమళ్లు మొదలగునవియు కలవు.

ఈ పేరు పరిశీలింపదగినది. పాణినీయసంప్రదాయమున ‘స్థలీ’ అనగా అకృత్రిమమగు భూమి. మనుష్యులు చేసిన భూమికి ‘స్థలా’ అను రూపము. వనస్థలి యనగా తానై యుండు అడవినేల. నేడు దానికి చుట్టును గోడలు, గోడలకు చుట్టును ఇండ్లు, ఒకవంక జాతీయరహదారి. వేటభూమి వన్యస్థలమైనది, వన్యస్థలము నగరమధ్యద్వీపమైనది. పేరు చెప్పునదానికిని పటము చూపుదానికిని గల ఈ యెడమే బాలునికి క్రీడలో అందవలసిన విషయము.

5. జంతునామములు: నిఘంటువు నుండి తెరకు

పేర్లను వర్గములుగా కూర్చి బాలురచేత వల్లెవేయించుట మన ప్రాచీనవిద్యాపద్ధతి. అమరకోశములోని సింహాదివర్గమున కృష్ణసారము, రురువు, శంబరము, పృషతము, ఏణము మున్నగు మృగభేదములు వేరువేరుగా చెప్పబడినవి. తెలుగున పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహమున తిర్యగ్వర్గు ఉన్నది. ఆ గ్రంథములు కంఠస్థము చేసిన బాలునికి పేర్లు తెలిసెడివి. ప్రాణి కనబడెడిది కాదు. నేటి క్రీడలో ప్రాణి కనబడుచున్నది, పేరు జారిపోవుచున్నది.

మొదటి ఉదాహరణము జింక. 2014లో తెలంగాణరాష్ట్రము జింకను రాష్ట్రమృగముగా నిర్ణయించినది. అది చుక్కలుగల దుప్పి. 2018లో ఆంధ్రప్రదేశము తన చిహ్నములను ప్రకటించినపుడు కృష్ణజింకను మృగముగా పేర్కొన్నది. రెండు పేర్లలోను ‘జింక’ కలదు. ప్రాణులు మాత్రము ఒక కుటుంబమునకు చెందినవి కావు. దుప్పి మగదానికి కొమ్మలు చీలిన కొమ్ములుండును. అవి ఏటేట రాలి మరల మొలచును. కృష్ణజింక మగదానికి మెలికలు తిరిగిన కొమ్ములుండును. అవి చీలవు, రాలవు. శాస్త్రరీత్యా కృష్ణజింక పశువులు, మేకలు చేరిన కుటుంబమునకు చెందినది. మన పూర్వులు మగ కృష్ణజింకను ఇర్రి యనియు, ఆడుదానిని లేడి యనియు వ్యవహరించిరి. మగది నల్లనిది, కొమ్ములు గలది; ఆడుది గోధుమవన్నెది, సామాన్యముగా కొమ్ములు లేనిది. రూపమున ఇంత భేదము గల రెంటికి రెండు పేర్లుండుట సహజమేకాక ఉపయోగకరము. ఆంగ్లనామమును మాటకు మాటగా తెనిగించి ‘నల్లమగజింక’ అని తెరపై వ్రాసినచో ఆడుదానికి పేరే లేకుండ పోవును.

కొన్ని పేర్లు ప్రాంతమును బట్టి మారును. కణితి, కణుజు, కడితి అనునవి ఒకే ప్రాణికి వినబడు పేర్లు. కొండగొర్రె అను పేరు కొందరు నాలుగుకొమ్ముల ప్రాణికి, కొందరు మొరుగు జింకకు వాడుదురు. ఇది దోషము కాదు, మాండలికముల స్వభావము. క్రీడారచయిత ఒకపేరును ప్రధానముగా గ్రహించి, తక్కిన పేర్లను పటముపై ఆయా ప్రాంతములందు చూపినచో ఆ వైవిధ్యమే భూగోళపాఠమగును.

రెండవ ఉదాహరణము మరింత గురుతరము. చిరుత, చిరుతపులి అను మాటలు మచ్చలుగల రెండు వేరువేరు ప్రాణులకు వాడబడుచున్నవి. ఒకటి చెట్లెక్కునది, మన అడవులలో నేటికిని ఉన్నది. రెండవది చీతా, మైదానములలో అతివేగముగా పరుగెత్తునది. పూర్వము రాజులు దీనిని మచ్చికచేసి కృష్ణజింకల వేటకు వాడెడివారు. భారతదేశమున ఇది అంతరించినదని 1952లో ప్రకటింపబడినది. 2022 సెప్టెంబరు 17న నమీబియా దేశమునుండి తెచ్చిన ఎనిమిదింటిని మధ్యప్రదేశములోని కూనోవనమున విడిచిరి. ‘అన్నిటికంటె వేగముగల మృగమేది’ అను ప్రశ్నకు ‘చిరుత’ అని సమాధానమిచ్చి, పిదప పటమున నల్లమలను చూపు క్రీడ రెండు తప్పులను ఒకేమారు బోధించును. అంతరించిన ప్రాణి అంతరించలేదని బాలుడు నమ్మును. సివంగి అను ప్రాతమాట యున్నదికదా యందురేని, దానికి ఆడుసింహమనియు వేటచిరుత యనియు రెండర్థములు చెప్పువారు కలరు. కావున పత్రికలు వాడుచున్న ‘చీతా’యే ఇచట సందేహరహితము. సంస్కృత ‘చిత్ర’శబ్దముతో దానికి చుట్టరికము ఉండనే యున్నది.

మూడవది నానార్థవర్గమునకు చెందినది. అలుగు అనగా ఒంటినిండ పొలుసులుగల, చీమలను తిను రాత్రించరప్రాణి. భారతీయమగు అలుగు అంతర్జాతీయపట్టికలో ప్రమాదస్థితిలో నున్నవానిలో చేర్చబడినది. అలుగు అనగా చెరువు నిండినపుడు మిగులునీరు పొరలిపోవు కట్టడము కూడ. ఒక్కమాటలో ఒక ప్రాణియు ఒక భూగోళవిశేషమును ఇమిడియున్నవి. సరూర్‌నగర్ చెరువును చూపుచు ‘అలుగు ఎచట?’ అని అడుగు క్రీడ బాలుని నవ్వించును, రెండును జ్ఞాపకముండునట్లు చేయును. ఈ శ్లేష అనువాదమున లభింపదు. తెలుగున ఆలోచించినపుడే లభించును.

బట్టమేకపిట్టలోని మేక మేక కాదు. కలివికోడి కోడి కాదు. మొదటిది గడ్డిభూముల పెద్దపక్షి. నేటి నంద్యాలజిల్లాలోని రోళ్లపాడు దానికి ప్రసిద్ధమై 1988లో అభయారణ్యమైనది. 2018 నాటి అంచనా ప్రకారము దేశమంతటను ఈ పక్షులు సుమారు 150 మాత్రమే. రెండవదానిని జెర్డన్ అను వైద్యుడు 1848లో శాస్త్రలోకమునకు పరిచయము చేసెను. 1900 తరువాత ఎవరికంటను పడలేదని, అంతరించినదని తలచిరి. 1986లో కడపజిల్లాలో స్థానికుల సాయముతో అది మరల కనుగొనబడినది. శాస్త్రజ్ఞుల పట్టికలో మృతమైన పక్షి పల్లెవారి ఎరుకలో జీవించియున్నది. ప్రాణిని కాపాడుటకు ముందు దాని నెరిగినవారి మాటను కాపాడవలెననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

6. విభక్తి, సంఖ్య

పేర్లు సరిపడినను వాక్యము సరిపడవలెను. ఈ క్రీడలలోని వాక్యములు సామాన్యముగా ఖాళీలుగల మూసలు. ‘ఫలానా జంతువు ఫలానా చోట ఉన్నది’ అను మూసలో యంత్రము పేర్లను నింపును. ఆంగ్లమున విభక్త్యర్థము విడిపదమున ముందు వచ్చును, నామము మారదు. తెలుగున నామమే మారును. ఏరు ఏటి యగును. ఇల్లు ఇంటి యగును. గోయి గోతి యగును. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున ఔపవిభక్తికములను పేర నిరూపించిన వ్యవస్థ ఇదియే. ఊరిపేర్లలోని పాడు పాటి యగుట మన ఇంటిపేర్లలో అడుగడుగున కనబడుచున్నది. ఈ వ్యవస్థ తెలియని మూస ‘ఏరు ఒడ్డున’, ‘గోయి లో’ అని వ్రాయును. బాలుడు దానిని చదువగలడు. తన భాషగా స్వీకరింపడు.

సంఖ్యయు నిట్టిదే. మూడు జింకలు, ముగ్గురు రైతులు అనుట మన నుడికారము. మనుష్యులకును మనుష్యేతరులకును సంఖ్యావాచకమే వేరు. జింకలును రైతులును గల పటమున ‘3’ అను అంకెను రెండుచోట్ల నొకటే పెట్టి తృప్తిపడరాదు. ప్రతి నామమునకును దాని ఔపవిభక్తికరూపము, బహువచనము, మహదమహద్భేదము గల ఒక చిన్న పట్టికను యంత్రమున కందించినచో ఈ చిక్కు తీరును. ఇది సాంకేతికుని పని కాదు. వ్యాకరణ మెరిగిన విద్యార్థి పని.

7. ‘అంతరించు’ అను క్రియ

ఈ క్రీడలకు ప్రాణమువంటి మాట ‘అంతరించిపోతున్న జీవులు’ అనునది. ఇందు రెండు లోపములు కలవు. మొదటిది, తారతమ్యము లేకుండుట. అంతర్జాతీయ ప్రకృతిపరిరక్షణసంఘము 1964 నుండి నిర్వహించుచున్న ఎర్రపట్టికలో ప్రమాదమునకు మెట్లు కలవు. కృష్ణజింక నేడు లోకమంతటిమీద తక్కువ ఆందోళన గల ప్రాణిగా లెక్కింపబడుచున్నది. అయినను 1972 నాటి వన్యప్రాణిరక్షణచట్టమున మొదటి షెడ్యూలులో చేరి పూర్తిరక్షణను పొందియున్నది. బట్టమేకపిట్ట అత్యంతప్రమాదస్థితిలో నున్నది. చీతా మన దేశమున ఒకమారు అంతరించినదే. ఈ మూటిని ఒక్కమాట క్రింద చేర్చుట సత్యము కాదు. అంతరించిన, అంతరించుచున్న, అంతరింపనున్న అని భూతవర్తమానభవిష్యత్తులను విశేషణములుగా చెప్పగల శక్తి తెలుగు క్రియకు కలదు. దానిని వాడుకొనవలెను.

రెండవ లోపము సూక్ష్మతరము. అంతరించు అకర్మకక్రియ. దానికి ‘పోవు’ చేరినచో మరింత తానై జరిగిన పనివలె తోచును. మంచు కరగిపోవును, మబ్బు విడిపోవును, జింక అంతరించిపోవును. చేసినవాడు వాక్యమున కనబడడు. కృష్ణజింక మైదానములనుండి తొలగుటకు వేట కారణము, గడ్డిభూములు పొలములు ఇండ్లస్థలములు అగుట కారణము. క్రీడలో బాలుడే కర్త. అతడు ఒకచోట గీత గీయును, ఒకచోట చెరువు త్రవ్వును, ఒకచోట రహదారి వేయును. ‘నీవు వేసిన దారివలన జింకల మేతభూమి రెండు తునకలైనది’ అని తెరపై వచ్చు సకర్మకవాక్యము, వేయిమార్లు చదివిన ‘అంతరించిపోతున్న’ కంటె మిన్నగా బోధించును.

కర్తను చూపుట యనగా నేరము మోపుట కాదు. నారాయణపేటజిల్లాలో కృష్ణానదీతీరగ్రామముల రైతులు కృష్ణజింకలమందలు పైరును మేసి నష్టపరచుచున్నవని మొరపెట్టుకొనిరి. రోళ్లపాటికడను ఇదియే చిక్కు. వనస్థలిపురమున గోడలోపల అపురూపమైన ప్రాణి నదీతీరమున పంటకు శత్రువు. రెండును సత్యములే. జింకను కాపాడినవానికి మార్కులిచ్చి రైతును పటమునుండి తొలగించిన క్రీడ సగము భూగోళమునే చెప్పినది. పులిజూదమువలె ఇరువైపులను ఆడింపవలెను. ఒకమారు మేతకై వెదకు జింకగా, ఒకమారు విత్తు మొలకెత్తువరకు నిద్రమానిన రైతుగా బాలుడు ఆడినచో, గెలుపు అను మాటకే అతడు క్రొత్త అర్థమును వెదకుకొనును.

8. ఉపసంహారము

పైవిచారమునుబట్టి ఒక క్రీడను ఊహింపవచ్చును. దిల్‌సుఖ్‌నగరున రైలెక్కిన బాలుడు ప్రతి స్టేషనులోను ఒక ఊరిపేరు విప్పును. చింతలకుంటలో కుంటను వెదకును. హరిణవనస్థలిలో నేలపై పడియున్న ఒక కొమ్ము దొరకును. అది ఇర్రిదా, దుప్పిదా? రాలినది కనుక ఇర్రిది కాదు. చీలినది కనుక దుప్పిది. పేరు తెలిసినవాడే ఈ ముడి విప్పగలడు. అచటినుండి పటము విశాలమై కృష్ణాతీరమునకు, రోళ్లపాటికి, లంకమలకు, కూనోకు పోవును. ఇందు పాండిత్యప్రదర్శనము లేదు. పదజ్ఞానము మాత్రము ఉన్నది.

దీనికి ముందు జరుగవలసిన పని యొకటి కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలికవృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములను జిల్లాలవారీగా సేకరించి చూపినది. అదే పద్ధతిని జంతువులకు, పక్షులకు, చెట్లకు, నీటివనరులకు అన్వయింపవలెను. నల్లమల చెంచులు, కృష్ణాతీరపు కాపరులు, కడప పల్లెలలోని వేటగాండ్రు, చెరువుల నీటిని పంచిన నీరటికాండ్రు ఎరిగిన పేర్లను వారి నోటినుండియే, ప్రాణిచిత్రమును చూపి, ప్రాంతమును గుర్తించి వ్రాసికొనవలెను. పరిశోధకవిద్యార్థులకు ఇది సిద్ధాంతవ్యాసమునకు చాలినంత విషయము; ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్కరు పూనుకొనదగినది. ఆ పేర్లను ఎరిగినవారు వృద్ధులగుచున్నారు. బట్టమేకపిట్ట పోయిన పిదప దాని పేరును సేకరించుట నిఘంటుకార్యమగును. అది యుండగనే సేకరించుట రక్షణకార్యమగును. తెలుగుశాఖలు రెండవదానికి పూనుకొనుటకు సమయము ఇంకను మిగిలియున్నది.